ఓపెన్ హాల్లో మన చాటు ఎక్కడ? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల తిరుపతి, చిత్తూరు వైపు నుంచి వచ్చిన ప్రశ్నలు చాలావరకు ఒకే బాధ చుట్టూ తిరిగాయి. హాలు, డైనింగ్, వంటగది అన్నీ కలిపేసి విశాలంగా కట్టుకున్నాం, చూడటానికి బాగానే ఉంది, కానీ ఇంట్లో ఎవరికీ కాస్త చాటు లేదు అని. అందుకే ఈసారి మొత్తం దీనికే కేటాయించాను. పేర్లు వేయొద్దని అడిగారు కాబట్టి ఊరు, పేట మాత్రమే ఉంచాను. కొలతలు పంపినవాళ్లకు కొలతలతో చెప్పాను, పంపనివాళ్లు పని మొదలుపెట్టే ముందు టేపు తీసుకుని ఒకసారి కొలుచుకోండి.

ప్రశ్న (గృహిణి, భవానీనగర్, తిరుపతి): మేడమ్, మాది కొత్తగా కట్టుకున్న ఇల్లు. హాలు 30 అడుగుల పొడవు, 14 అడుగుల వెడల్పు. సోఫాలు, డైనింగ్ టేబులు, వంటగది అన్నీ అందులోనే. మా గది తలుపు, కామన్ బాత్రూమ్ తలుపు ఒకే గోడకు ఉన్నాయి, వాటికి ఎదురుగానే సోఫాలు. తిరుపతిలో ఇల్లంటే మీకు తెలుసు కదా, కొండకొచ్చే చుట్టాలు ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారు, హాల్లోనే చాపలేసి పడుకుంటారు. రాత్రి బాత్రూమ్‌కు పోవాలంటే వాళ్లను దాటుకుని పోవాలి, పొద్దున నైటీలో బయటికి రావాలంటే ఇబ్బంది. గోడ కట్టిద్దామంటే మా ఆయన "అంత ఖర్చు పెట్టి ఓపెన్‌గా కట్టించుకున్నాం, మళ్లీ గోడా?" అంటారు. అత్తమ్మేమో "చుట్టాలొస్తే నీకు కష్టంగా ఉందా" అంటుంది. నేను అడగడం తప్పా?

జవాబు: ముందు మీ చివరి ప్రశ్నకు. తప్పు కాదమ్మా. ఒంటి మీద బట్ట సర్దుకోవడానికి, తల దువ్వుకోవడానికి, అలిసిపోయినప్పుడు పది నిమిషాలు కాళ్లు చాపుకుని కూర్చోవడానికి సొంత ఇంట్లో ఒక చాటు కావాలని ఎవరికైనా ఉంటుంది, దానికీ చుట్టాల మీద ప్రేమకీ సంబంధం లేదు.

మన వైపు పాత ఇళ్లను ఒకసారి గుర్తు చేసుకోండి. బయట తిన్నె, తర్వాత వసారా, ఆ లోపల నట్టిల్లు, దాని వెనక వంటిల్లు. పాలు పోసేవాళ్లు వాకిట్లో ఆగేవాళ్లు, పనిమీద వచ్చిన పెద్దమనిషి తిన్నె మీద కూర్చుని మాట్లాడి పోయేవాడు, దగ్గరి చుట్టం నట్టింట్లోకి వచ్చేవాడు. ఎవరు ఎంతవరకు రావచ్చో ఇల్లే చెప్పేసేది, కోడలు నోరు తెరిచి చెప్పాల్సిన అవసరం ఉండేది కాదు. ఇప్పుడు వీధి తలుపు తీస్తే నేరుగా పొయ్యి దగ్గర నిలబడ్డ మనిషి కనిపిస్తోంది. ఇల్లు చెప్పాల్సిన మాట మీరు చెప్పాల్సి వస్తోంది, అందుకే ఇంట్లో మాటలు పడుతున్నారు.

ఇక పని సంగతి. చాలామంది గోడా, కర్టెనా, అద్దమా అని సామాను దగ్గర మొదలుపెడతారు. నేను ముందు మూడు అడుగుతాను: ఎవరి నుంచి చాటు కావాలి, ఏ వేళలో కావాలి, చూపు నుంచి కావాలా మాట నుంచి కావాలా. మీ ఉత్తరంలో మూడింటికీ జవాబు ఉంది. రాత్రి పడుకునే చుట్టాల నుంచి, రాత్రి పదింటి నుంచి పొద్దున ఏడింటి దాకా, అదీ చూపు నుంచి మాత్రమే. అంటే మీకు గోడ అక్కర్లేదు. రోజూ పగలంతా పక్కకు జరిగిపోయి, కావలసినప్పుడు అడ్డంగా వచ్చే తెర చాలు. మీ ఆయన అభ్యంతరం ఇక్కడితో తీరిపోతుంది, పగలు హాలు ఇప్పుడున్నట్టే ఉంటుంది.

హాలును మధ్యకు కోయొద్దు. మీ గది తలుపు, బాత్రూమ్ తలుపు ఉన్న గోడకు మూడున్నర అడుగుల దూరంలో, ఆ గోడ పొడవునే, సీలింగ్‌కు ట్రాక్ వేయించండి. రెండు తలుపులనూ కలుపుతూ ఒక నడవ ఏర్పడుతుంది. మిగతా పదిన్నర అడుగుల వెడల్పులో చుట్టాలు హాయిగా పడుకోవచ్చు, మీరు వాళ్లను దాటకుండా బాత్రూమ్‌కు పోయి రావచ్చు. చివర్లో ట్రాక్‌ను గోడ వైపు ఒక వంపు తిప్పించండి, లేకపోతే పక్క నుంచి చూపు పడుతుంది, ఈ వంపు మరిచిపోయేవాళ్లే ఎక్కువ.

తెర గుడ్డ విషయంలో పిసినారితనం చేయొద్దు. ట్రాక్ 12 అడుగులుంటే గుడ్డ 24 అడుగుల వెడల్పు ఉండాలి, అప్పుడే మడతలు నిండుగా పడి సందులు రావు. నేల నుంచి అర అంగుళం పైకి ఉంటే చాలు. పల్చటి గుడ్డయితే వెనక లైనింగ్ తప్పనిసరి, ఎందుకంటే వెలుగు ఎటు వైపు ఉంటే అటు వైపు మనిషి నీడ గుడ్డ మీద పడుతుంది. మీరు నడవలో పెద్ద లైటు వేసుకుని నడిచారంటే హాల్లో మేలుకుని ఉన్నవాళ్లకు మీ ఆకారం మొత్తం తెలుస్తుంది. అందుకే ఆ నడవలో నేల నుంచి అడుగు ఎత్తులో, వెలుగు నేల మీదికే పడేలా చిన్న ఫుట్ లైటు పెట్టించండి, కాళ్లకు దారి కనబడుతుంది, నీడ పైకి లేవదు. శ్రీకాళహస్తి కలంకారీ వేయాలని చాలామందికి ఉంటుంది. వేయండి, మన జిల్లా పని, దానికి ఈ హాల్లో చోటుండాలి. కానీ అది సాధారణంగా నూలు గుడ్డ, ఒంటిగా వేస్తే నీడ పడుతుంది, సహజ రంగులు నేరుగా తగిలే ఎండకు వెలిసిపోతాయి. లైనింగ్ వేసి, కిటికీ ఎండ పడని చోట వేలాడదీయండి.

అత్తమ్మతో మాట్లాడేటప్పుడు మీ ఇబ్బంది ఒక్కటే చెప్పకండి, వచ్చినవాళ్ల ఇబ్బంది కూడా చెప్పండి. సుప్రభాత సేవకు టికెట్ దొరికినవాళ్లు అర్ధరాత్రే లేచి తలస్నానం చేసి, తడి జుట్టుతో ఆ ఓపెన్ హాల్లోనే చీర కట్టుకోవాలి. పక్కన వాళ్ల మరిది నిద్రపోతుంటాడు, ఎదురుగా మీ మామగారు మంచినీళ్లకు లేచి వస్తారు. ఆ ఆడవాళ్లు నోరు తెరిచి చెప్పరు, బాత్రూమ్‌లోనే తడి నేల మీద ఎలాగో కట్టుకుని వస్తారు. బ్రహ్మోత్సవాలప్పుడు, వైకుంఠ ద్వార దర్శనం పది రోజుల్లో, మే నెలలో గంగమ్మ జాతర వారంలో మీ ఇంట్లో ఎంతమంది ఉంటారో అత్తమ్మకే బాగా తెలుసు. తెర వేస్తే ముందు సుఖపడేది ఆ చుట్టాలే.

వాళ్ల కోసం ఇంకో రెండు చిన్న పనులు. హాల్లో పడుకునే మూలన వాళ్ల చేతికందేలా ఒక స్విచ్చు, ఒక ఫోన్ ఛార్జింగ్ ప్లగ్గు పెట్టించండి, అప్పుడు రాత్రి రెండింటికి లేచినవాళ్లు హాల్లో ఉన్న లైట్లన్నీ వేయరు. బ్యాగులకు ఒక బల్లో, ఒక అరో చూపించండి. బ్యాగు ఎక్కడుంటే మనిషి అక్కడే బట్టలు మార్చుకుంటాడు, అది మీ సోఫా ముందు ఉంటే అక్కడే.

ప్రశ్న (ఇంటర్ విద్యార్థి, గ్రీమ్స్‌పేట, చిత్తూరు): మేడమ్, మా ఇంట్లో ఒకే బెడ్రూమ్. నేను డైనింగ్ టేబులు మీద చదువుకుంటాను, పది అడుగుల దూరంలో టీవీ. తాతకు చెవులు సరిగా వినపడవు, సౌండ్ ఎక్కువ పెడతాడు. ఈఏపీసెట్ ఉంది. కర్టెన్ వేస్తే సౌండ్ ఆగుతుందా?

జవాబు: ఆగదు నాన్నా. ఇది నీకే కాదు, చాలామందికి చెప్పాల్సిన మాట. గుడ్డ తెర చూపును ఆపుతుంది, గదిలో గోడలకు కొట్టుకుని తిరిగే ప్రతిధ్వనిని కొంచెం పీల్చుకుంటుంది, అంతే. శబ్దాన్ని ఇటు నుంచి అటు పోకుండా ఆపాలంటే బరువు కావాలి, సందు లేకుండా మూసుకోవాలి. రెండు వైపులా ప్లాస్టరింగ్ చేసిన నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ 40 డెసిబెల్స్‌కు పైనే తగ్గిస్తుంది. అలాంటి అడ్డంలో కూడా నూటికి ఒక వంతు ఖాళీ వదిలామంటే అది 20కి మించి ఆపలేదు. మూడడుగుల తలుపు కింద ముప్పావు అంగుళం సందు ఉంటే ఆ తలుపు వరకు ఖాళీ దాదాపు అంతే అవుతుంది. కాబట్టి మీ హాల్లో ప్లైవుడ్ షీటు నిలబెట్టి, పైన రెండడుగులు వదిలేసి, "సౌండ్ తగ్గుతుంది" అని ఎవరైనా చెబితే ఒప్పుకోకండి.

నీకు పనికొచ్చేది వేరే ఉంది. తాతకు ఒక బ్లూటూత్ హెడ్‌ఫోన్ కొనివ్వమని నాన్నను అడుగు. టీవీలో బ్లూటూత్ లేకపోతే టీవీకి తగిలించే చిన్న ట్రాన్స్‌మిటర్ దొరుకుతుంది. ఆయనకు ఇప్పటికన్నా బాగా వినిపిస్తుంది, సౌండ్ పెంచాల్సిన పని ఉండదు. చెవి మీద కూర్చునే పెద్ద కప్పులవి కొనండి, చెవిలో దూర్చేవి పెద్దవాళ్లకు చిరాకు. ఒకసారి చెవుల డాక్టరుకు కూడా చూపించండి. చాలా ఇళ్లలో టీవీ గొడవ అనుకునేది నిజానికి వినికిడి సమస్య, చూపించక అలాగే ఉండిపోతుంది, ఆ పెద్దాయన ఇంట్లో మాటల నుంచి కూడా మెల్లగా దూరమైపోతాడు.

రెండోది. ఇంట్లో గది ఒకటే అయినా అందరూ దాన్ని ఒకే వేళ వాడరు. సాయంత్రం ఆరు నుంచి పది దాకా అమ్మానాన్నల బెడ్రూమ్ ఖాళీగానే ఉంటుంది కదా. అక్కడ గోడకు మడిచే బల్ల ఒకటి, రెండున్నర అడుగుల వెడల్పు, అడుగున్నర లోతు ఉంటే చాలు, కొట్టించుకుంటే ఆ నాలుగు గంటలు అది నీ గది. పది తర్వాత బల్ల మడిచేస్తావు. తలుపు కింద రబ్బరు సీల్ వేయిస్తే ఇంకా మంచిది. ఈ జవాబు నాన్నగారికి చూపించు. ఆయనకు నా మాట: అయ్యా, పరీక్షల ఏడాది కదా, ఆ నాలుగు గంటలు ఆ గది చదువుకివ్వండి.

ప్రశ్న (తిరుచానూరు రోడ్డు, తిరుపతి): మూడో అంతస్తులో ఫ్లాట్. ఇద్దరం ఇంటి నుంచే ఉద్యోగం, ఇద్దరికీ ఒకేసారి మీటింగులు. హాలులో డైనింగ్ భాగాన్ని గోడ కట్టి ఆఫీసు గది చేసుకోవాలని ఉంది. మేస్త్రీ ఒక వారంలో ఇటుక గోడ లేపేస్తానంటున్నాడు. సరేననమంటారా?

జవాబు: వద్దు, ముందు ఆపండి. ఆ గోడ బరువు ఎంతో మేస్త్రీని అడగండి. ఆరడుగుల పొడవు, పదడుగుల ఎత్తు ఎర్ర ఇటుక గోడ, నాలుగున్నర అంగుళాల మందం, రెండు వైపులా ప్లాస్టరింగ్‌తో కలిపి దాదాపు ఒకటిన్నర టన్ను ఉంటుంది. దాని కింద బీము ఉంటే ఒక లెక్క, స్లాబు మధ్యలో పడితే ఇంకో లెక్క. బీము ఎక్కడుందో చూసి చెప్పాల్సింది స్ట్రక్చరల్ ఇంజనీరు. అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కు కూడా చెప్పాలి, కింద ఉన్నది ఇంకొకరి ఇల్లు.

అదే కొలతకు తేలిక ఇటుకలు, ఏఏసీ బ్లాకులంటారు, నాలుగంగుళాలవి వాడితే ప్లాస్టరింగ్‌తో కలిపి ఆరేడు వందల కిలోలకు వస్తుంది. జిప్సమ్ బోర్డు పార్టిషన్ అయితే నూటయాభై కిలోల లోపే. మీలాంటివాళ్లకు నేను జిప్సమే చెబుతాను. రెండు వైపులా బోర్డు, మధ్యలో ఇనుప ఫ్రేము, ఆ ఫ్రేము ఖాళీల్లో గ్లాస్ ఊల్, అంటే దూదిలా ఉండే గాజు నార, నింపించాలి. ఈ గ్లాస్ ఊల్ లేకుండా బోర్డులు మాత్రం కొట్టి పోతే మీ మీటింగులు ఒకరివి ఒకరికి వినిపిస్తూనే ఉంటాయి. పనివాళ్లు బోర్డు మూసేసే ముందు మీరు దగ్గరుండి చూడండి, మూసేశాక కనబడదు. పార్టిషన్‌ను ఫాల్స్ సీలింగ్ దాకా కాకుండా పైన అసలు స్లాబు దాకా తీసుకెళ్లాలి, లేకపోతే మాట సీలింగ్ పైనుంచి దాటి వస్తుంది. తలుపు లోపల బోలుగా ఉండేది కాకుండా గట్టిది పెట్టించండి, చుట్టూ రబ్బరు బీడింగ్, కింద సీల్. ఆ గోడకు టీవీనో, పుస్తకాల అరలో తగిలించాలనుకుంటే ఆ చోట లోపల ప్లైవుడ్ పట్టీ ముందే పెట్టించాలి. బాత్రూమ్ పక్కన చెమ్మ తగిలే చోట మామూలు జిప్సమ్ వాడొద్దు.

ఇంకొకటి, దీన్ని మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. మీరు గది చేసుకునే భాగానికి సొంత కిటికీ ఉందా? లేకపోతే మే నెల తిరుపతి ఎండలో, నలభై డిగ్రీలు దాటిన రోజున, ఆ గదిలో మధ్యాహ్నం కూర్చోలేరు. డైనింగ్ వైపు కిటికీ మూసుకుపోతే హాలుకు గాలి దాటే దారి కూడా పోతుంది, అటు ఉన్నవాళ్లూ ఉడికిపోతారు. కిటికీ లేని పక్షాన గది ఆలోచన మానుకుని, ఇద్దరిలో ఒకరు బెడ్రూమ్‌లో, ఒకరు హాల్లో కూర్చుని, బెడ్రూమ్ తలుపుకు సీల్ వేయించుకోండి. కిటికీ ఉంటే, పార్టిషన్‌లో ఏడడుగుల పైన బిగించిన అద్దం పెట్టించండి, వెలుగు హాలుకు కూడా వస్తుంది. ఏసీ ఆ చిన్న గదికి మాత్రమే పెట్టుకుంటే కరెంటు బిల్లు తగ్గుతుంది.

ప్రశ్న (బైరాగిపట్టెడ, తిరుపతి): బయటివాళ్లకు కనపడకూడదని కిటికీలకు అద్దంలా మెరిసే ఫిల్మ్ అంటించాం. పగలు బాగానే ఉంది. రాత్రి మా హాలు మొత్తం కనిపిస్తోందని పక్కింటావిడ చెప్పింది. మోసపోయామా?

జవాబు: ఫిల్మ్ పనితీరే అంత. వెలుగు ఎక్కువ ఉన్న వైపు అది అద్దంలా మెరుస్తుంది. పగలు వెలుగు బయట ఎక్కువ, రాత్రి లైటు వేశాక మీ ఇంట్లో ఎక్కువ, కాబట్టి మీకు మీ మొహాలే కనబడతాయి, వాళ్లకు మీ హాలు కనబడుతుంది. రాత్రికి లోపల ఒక కర్టెన్ వేసుకోవాల్సిందే. బాత్రూమ్ కిటికీకి మాత్రం ఈ ఫిల్మ్ ఎప్పుడూ వద్దు, అక్కడ గరుకు అద్దమే పెట్టండి. ఆ పక్కింటావిడ మంచి పని చేసింది, చాలామంది చూసి ఊరుకుంటారు.

ప్రశ్న (కొంగారెడ్డిపల్లె, చిత్తూరు): వీధి తలుపు తీస్తే వంటగది, దాని పక్కనే దేవుడి మూల. వచ్చినవాళ్ల చూపంతా గిన్నెల మీదే. అడ్డం ఏం పెట్టాలి?

జవాబు: వంటగట్టు హాలు వైపు అంచున నాలుగున్నర అడుగుల ఎత్తు అడ్డం పెట్టించండి. కుర్చీలో, సోఫాలో కూర్చున్న మనిషి కన్ను నేల నుంచి నాలుగడుగుల లోపే ఉంటుంది కాబట్టి గిన్నెలు, సింకు కనబడవు, నిలబడి వండే మీరు మాత్రం హాల్లోవాళ్లతో మాట్లాడుకోవచ్చు. పూర్తిగా మూసెయ్యాలంటే అద్దం స్లైడింగ్ తలుపులు మంచివి, పోపు ఘాటు కూడా హాల్లోకి రాదు. కానీ గ్యాస్ పొయ్యి ఉన్న చోట ఒక జాగ్రత్త: మన సిలిండర్ గ్యాస్ గాలి కన్నా బరువు, లీకైతే నేల మీద పేరుకుంటుంది. కాబట్టి తలుపు కింద కాస్త ఖాళీ ఉండాలి, వంటగది గోడకు బయటికి తెరుచుకునే జాలీ నేలకు దగ్గరగా ఒకటి ఉండాలి. సింకు దగ్గర ఎండీఎఫ్, అంటే చెక్క పొడి నొక్కి చేసే బోర్డు, వాడొద్దు, నీళ్లు తగిలితే ఉబ్బుతుంది, నీళ్లకు ఓర్చుకునే ఐఎస్ 710 మార్కు ఉన్న ప్లైవుడ్ వాడండి.

దేవుడి మూలకు చెక్క జాలీ తలుపులు బాగుంటాయి. ఏర్పేడు దగ్గర మాధవమాలలో చెక్క చెక్కే పనివాళ్లున్నారు, కొలత ఇచ్చి అడిగి చూడండి. గుడ్డ తెర మాత్రం దీపం దగ్గర వద్దు.

ప్రశ్న (మురకంబట్టు, చిత్తూరు): నాన్నకు పక్షవాతం వచ్చి మంచం మీద ఉన్నారు. బెడ్రూములు పైన, మెట్లెక్కించలేం, అందుకని హాల్లోనే మంచం వేశాం. ఒళ్లు తుడిచేటప్పుడు, డైపర్ మార్చేటప్పుడు అందరం ఇటు తిరిగి నిలబడతాం. ఎవరైనా వస్తే ఆయన కళ్లు మూసుకుంటున్నారు. నిద్రపోతున్నారని అందరూ అనుకుంటారు, నిద్ర కాదని నాకు తెలుసు. ఏం చేయగలం?

జవాబు: మీ ఉత్తరం చదివాక మిగతావన్నీ పక్కన పెట్టి ముందు దీనికే కూర్చున్నాను. ఆయన కళ్లు మూసుకోవడం ఒక్కటే తనకు మిగిలిన చాటు అని మీరు గమనించారు, చాలా ఇళ్లలో దాన్ని గమనించేవాళ్లే ఉండరు.

వెంటనే చేయదగ్గది, ఆసుపత్రి వార్డుల్లో మంచం చుట్టూ ఉండే లాంటి తెర. సీలింగ్‌కు మంచం మూడు వైపులా తిరిగేలా ట్రాక్ వేస్తారు, నాలుగో వైపు గోడ. గుడ్డ పైభాగం ఒకటిన్నర అడుగులు వలగా ఉండేది అడిగి కుట్టించండి. ఆ వల లేకపోతే తెర వేసినప్పుడు ఫ్యాను గాలి ఆయనకు తగలదు, ఉక్కకు అల్లాడిపోతారు. కింద అడుగు దాకా ఖాళీ ఉంచితే మీ కాళ్లకు తట్టుకోదు, బకెట్ జరపడానికి వీలుంటుంది. ఉతకడానికి తేలికైన గుడ్డ, రెండు జతలు. మంచానికి చుట్టూ మనిషి వంగి పని చేసేంత చోటు తెర లోపలే ఉండాలి, కనీసం మూడడుగులు ఒక పక్క, రెండడుగులు ఇంకో పక్క.

మంచం ఎటు తిప్పి వేశారో రాయలేదు. ఆయన తల వైపు నుంచి జనం రావడం మంచిది కాదు, ఎవరొస్తున్నారో తెలియక ఉలిక్కిపడతారు. వచ్చేవాళ్లు ఆయనకు ఎదురుగా రావాలి, కానీ తలుపు దగ్గర నిలబడినవాళ్లకు ఆయన మొత్తం కనబడకూడదు. తలుపుకు, మంచానికి మధ్య ఐదున్నర అడుగుల బీరువానో, పుస్తకాల అరో నిలబెడితే ఇది కుదురుతుంది, వచ్చినవాళ్లు దాన్ని చుట్టి రావాలి, ఆ రెండు మూడు అడుగుల్లో ఆయన సర్దుకుంటారు, లేదా మీరు దుప్పటి సర్దుతారు. అలాంటి బీరువాను వెనక నుంచి గోడకో, స్లాబుకో క్లాంపుతో బిగించడం మరవొద్దు, మంచం మీద పడితే ఆయన తప్పుకోలేరు. దాని వీపు వైపు హాలుకు కనబడుతుంది కాబట్టి అక్కడ ఒక ప్లైవుడ్ షీటు వేసి రంగు కొట్టిస్తే సరి.

చూపు ఒక్కటే కాదు, ఇక్కడ వాసన కూడా ఉంది, అది ఆయనకే ఎక్కువ బాధ. మంచం కిటికీకి దగ్గరగా ఉండి, అక్కడ ఒక ఎగ్జాస్ట్ ఫ్యాను ఉంటే ఆయన సిగ్గుపడే సందర్భాలు సగం తగ్గుతాయి. కుడి చేయి పనిచేయకపోతే ఎడమ వైపు, ఏ చేయి ఆడితే ఆ చేతికి కాలింగ్ బెల్ ఇవ్వండి. బెల్లు ఉంటే తెర వేసి ఆయన్ని ఒంటరిగా వదలొచ్చు, మీరు మాటిమాటికీ తొంగి చూడక్కర్లేదు.

అన్నిటికన్నా ముఖ్యం, తెర ఎప్పుడు వేయాలో ఆయన్నే అడగండి. మాట రాకపోతే తల ఊపి చెబుతారు, బెల్లు రెండుసార్లు కొడితే తెర వేయాలి అని గుర్తు పెట్టుకోండి. కొన్నిసార్లు ఆయనకు చాటు కావాలి, కొన్నిసార్లు మీ అందరి మధ్య ఉండాలి, క్రికెట్ చూడాలి, మనవళ్ల గోల వినాలి. మేడ మీద గదికి పంపేయకుండా హాల్లో వేసింది మంచి పనే. పలకరించడానికి వచ్చేవాళ్లకు సాయంత్రం ఒక గంట అని చెప్పేయండి, ఆ వేళకు ఆయనకు షర్టు తొడిగి, తల దువ్వి, దిండు ఎత్తు చేసి కూర్చోబెట్టండి. ఆ వేళ కాని వేళ ఎవరైనా వస్తే వసారాలోనే కూర్చోబెట్టి మాట్లాడి పంపండి, వాళ్లు ఏమనుకుంటారో అన్న టెన్షన్ మీకు అక్కర్లేదు.

ప్రశ్న (కొర్లగుంట, తిరుపతి): అద్దె ఇల్లు, ఒక హాలు, వంటగది, బాత్రూమ్. నాకు కొత్తగా పెళ్లయింది, అమ్మ కూడా మాతోనే. హాల్లోనే ముగ్గురం. ఇంటాయన గోడకు మేకు కూడా కొట్టనివ్వడు. ఇప్పట్లో పెద్ద ఇల్లు తీసుకోలేను. ఏదైనా దారి ఉందా అక్కా?

జవాబు: ఉంది తమ్ముడూ, పూర్తి దారి కాకపోయినా రోజులు గడిచే దారి. మేకు కొట్టకుండా నిలబడేవి రెండు. ఒకటి, నేలకూ సీలింగ్‌కూ మధ్య బిగుసుకునే స్ప్రింగు రాడ్లు, వాటికి అడ్డంగా కర్టెన్ కడ్డీ. రెండోది, మీ బీరువాను గోడకు ఆనించకుండా హాలుకు అడ్డంగా తిప్పడం. ఆరున్నర అడుగుల బీరువా, దాని పక్కన మిగిలిన ఖాళీకి తెర, ఇవి కలిస్తే హాలు రెండు భాగాలవుతుంది. బీరువాలో కింది అరల్లో బరువైనవి పెట్టండి, ఊగకుండా ఉంటుంది. వీలైతే ఇంటాయనను ఒక్క క్లాంపుకు ఒప్పించండి, ఖాళీ చేసేటప్పుడు రంధ్రం పూడ్చి రంగు వేసి ఇస్తానని రాసిచ్చినా సరే.

కిటికీ ఉన్న భాగం ఎవరికి అన్నది ముందే మాట్లాడుకోండి. నేనైతే అమ్మకు ఇస్తాను, ఆమె పగలంతా ఇంట్లో ఉంటుంది. మీ వైపుకు చిన్న టేబుల్ ఫ్యాను పెట్టుకోండి, గాలికి గాలి, ఆ చప్పుడులో గుసగుసలు అటు తెలియవు. మాట పూర్తిగా ఆగదు, అది గోడ ఉంటేనే.

మీ భార్య గురించి ఒక మాట. ఇల్లు మారి వచ్చిన అమ్మాయి, బట్టలు పెట్టుకోవడానికి తాళం ఉన్న అర ఒకటి పూర్తిగా ఆమెకే ఇవ్వండి, అమ్మతో సహా ఎవరూ తెరవకూడదు. అది ఈ వారమే చేయొచ్చు, ఇంటాయన అనుమతి అక్కర్లేదు. అమ్మ సాయంత్రం గుడికో, పక్కింటికో పోయే అలవాటుంటే ఆ వేళ మీరు బయట పనులు పెట్టుకోకండి. ఇల్లు మారేటప్పుడు హాలు పెద్దదా చిన్నదా అని చూడొద్దు, అదే అద్దెలో రెండు చిన్న గదులు, రెండింటికీ లోపల గడియ ఉన్న తలుపులు, అలాంటిది వెతకండి. కొర్లగుంట పాత వీధుల్లో అలాంటి పోర్షన్లు కొత్త అపార్ట్‌మెంట్లలో కన్నా సులువుగా దొరకొచ్చు, మొదట అక్కడే అడిగి చూడండి.